కదలని అంకె

ఉత్తరాన్ని ముద్ర గారు పైకి చదివారు. చనిపోయిన మనిషి రాసిన నాలుగు మాటల్ని తనలో తను చదువుకోవడం వేరు, ఆమె అక్కను ఎదురుగా కూర్చోబెట్టి గొంతెత్తి చదవడం వేరు. ఆయన రెండోది చేయగల మనిషి.

"'ఈ వంతెన ఇప్పటికి ఇరవై ఏడు పాయింట్ ఆరు మిల్లీమీటర్లు కుంగింది. దీని బరువు ఇక నేను మోయలేను. అక్కా, నన్ను క్షమించు. నేను వెళ్ళిపోతున్నాను.' అంతే. సంతకం లేదు. కంప్యూటర్లో రాసినదానికి సంతకం ఎక్కడ పెడతారు లెండి."

అక్క కదల్లేదు. నల్లకళ్ళద్దాల వెనక ఎడమ కంటికి ఇంకా కట్టు ఉంది. కుడి కంటికి మిగిలింది వెలుతురుకీ నీడకీ తేడా తెలిసేంత చూపు మాత్రమే. మంగళవారం ఆపరేషన్ అయింది, గురువారం చెల్లెలు పోయింది. కన్నీళ్ళు పెట్టుకోకూడదని డాక్టర్ చెప్పాడట. ఆ సంగతి నాతో చెబుతూ ఆవిడ చిన్నగా నవ్వింది. ఆ నవ్వుకే నేను ఈ కేసు ఒప్పుకున్నాను. ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే: "అది తనంతట తనే నన్ను వదిలేసి వెళ్ళిందా? అదొక్కటి తేల్చి చెప్పమ్మా. ఇంకేమీ వద్దు."

"ఏమ్మా, ఇవి మీ చెల్లెలి మాటలేనా?" ముద్ర గారు అడిగారు.

"దాని మాటలే. ఇవి నేను ముందే..."

"చాలమ్మా, అంతే కావాలి." ఆయన ఫైలు మూసేశారు.

ముద్ర అన్నది ఆయన పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఏ కేసైనా సాయంత్రంలోగా ముద్ర పడి మూతపడాల్సిందే, లేకపోతే ఆయనకి ముద్ద దిగదని స్టేషన్లో చెప్పుకునేవాళ్ళు. రిటైరయ్యాక ప్రైవేటుగా పరిశోధనలు చేస్తున్నారు. పేరు మాత్రం పోలేదు. ఈ కేసులో ఆయన్ని పెట్టుకున్నది వంతెన కంపెనీ. నన్ను పెట్టుకున్నది అక్క. మా ఇద్దరికీ ఇంతకుముందు మూడుసార్లు తగాదా అయింది. మూడోసారి ఆయన నాకు 'మనస్తత్వం గారు' అని పేరు పెట్టారు.

"సాయంత్రం ఐదింటికి నా రిపోర్టు ఇచ్చేస్తున్నాను మనస్తత్వం గారూ. ఆత్మహత్య. ఆ తర్వాత కంప్యూటరు కంపెనీకి అప్పగించేస్తాను. సోమవారం వంతెన తెరుస్తారు. మీ దగ్గర ఏమైనా ఉంటే ఈలోపే బయటపెట్టండి."

నా దగ్గర ఏమీ లేదు. అక్క మధ్యలో ఆపేసిన ఆ వాక్యం ఒక్కటే ఉంది. మనిషి మాట పూర్తి చేశాక తెలిసేదానికన్నా, మాట తెగిపోయిన చోట ముఖంలో కనిపించేదే నాకు ఎక్కువ పనికొస్తుంది. ఆ చోట అక్క ముఖంలో దుఃఖం లేదు. ఏదో పొసగనప్పుడు పడే చిన్న చిరాకు ఉంది.

ఈ వంతెన నది మీద కట్టింది కాదు. రెండు ఎత్తైన భవనాలను ఐదో అంతస్తులో కలిపే నడక వంతెన. కింద కార్లు నిలిపే సిమెంటు నేల. చనిపోయిన అమ్మాయి ఆ నేల మీదే దొరికింది. ఆమె పని వంతెన ఎంత కుంగుతోందో లెక్కకట్టడం. ఆఫీసంతా ఆమెను లెక్కలమ్మ అనేవాళ్ళు. వెనకాల వెక్కిరింపుగా, ఎదురుగా ముద్దుగా.

వంతెన కంపెనీ డైరెక్టర్ నన్ను తన గదిలో కూర్చోబెట్టాడు. మెత్తటి గొంతు, మెత్తటి చేతులు. నేను అడగకముందే జవాబులు చెప్పే మనిషి. అలాంటివాళ్ళు సాధారణంగా ఒక ప్రశ్నకి భయపడుతుంటారు. ఆ ప్రశ్న రాకుండా మిగతా దారులన్నీ తామే నింపేస్తారు.

"ఆవిడ రిపోర్టులు ఎలా ఉండేవి?" అడిగాను.

ఈ ప్రశ్నకి అతని ముఖం విప్పారింది. "మా రిపోర్టులు చచ్చిన కాగితాలు కావు మేడమ్. మేం దాన్ని నోట్‌బుక్ అంటాం. పైన లెక్క ఉంటుంది, కింద మాటలు ఉంటాయి. 'వంతెన ఇప్పటికి ఇంత కుంగింది' అని వాక్యం ఉంటుంది. ఆ 'ఇంత' అన్నది ఎవరూ టైపు చేయరు. వంతెన కింద సెన్సర్లు ఉన్నాయి. అవి పంపింది లెక్కకట్టి కంప్యూటరే వాక్యం మధ్యలో అంకె పెడుతుంది. వంతెన ఇంకాస్త కుంగితే వాక్యంలో అంకె కూడా మారిపోతుంది."

"మాటల మధ్యలోనే?"

"మాటల మధ్యలోనే. మాట కూడా మారుతుంది. 'వంతెన మీద ఇప్పుడు ఎవరూ లేరు' అని ఒక వాక్యం ఉంది. మా క్లయింట్ల ముందు నేనే వెళ్ళి వంతెన మీద నిలబడతాను. ఇక్కడ తెర మీద 'ఒకరు ఉన్నారు' అని మారుతుంది. చప్పట్లు కొడతారు." అతను నవ్వి, నవ్వినందుకు వెంటనే సిగ్గుపడ్డట్టు ముఖం పెట్టాడు. "బరువును బట్టి తెలుస్తుంది. ఆ వాక్యం ఆవిడ ఐడియానే."

"మీరూ అందులో లెక్కలు చూస్తారా?"

"నాకు లెక్కలతో పనేముంది? చదువుకోవడానికి వీలుగా ఒక వైపు ఉంటుంది, రాసేవాళ్ళకి ఇంకో వైపు ఉంటుంది. నేను చదివే వైపే చూస్తాను."

"గురువారం సాయంత్రం ఆవిడ పడినప్పుడు ఆ వాక్యం ఏం చెప్పింది?"

ఇది అతను ఎదురుచూసిన ప్రశ్న. జవాబు తడుముకోకుండా వచ్చింది. "ఏమీ చెప్పలేదు. వంతెన అవతలి చివర సెన్సర్ల కరెంటు పెట్టె ఉంది. ఆరున్నరకి దాన్ని ఎవరో ఆపేశారు, మర్నాడు మేమే మళ్ళీ వేశాం. ఆవిడే ఆపి ఉంటుంది. తను పడిపోవడం తన లెక్కలో ఎక్కడం ఇష్టం లేకపోయి ఉంటుంది. మీరు మనసు చదివినవారు, మీకు తెలియనిదేముంది?"

నాకు తెలిసింది వేరు. రోజూ ఒక గుండె మీద చెయ్యి వేసి చూసే మనిషి, తను పోయే ముందు ఆ గుండెను ఆపాలనుకోదు. కానీ అది ఋజువు కాదు. ముద్ర గారి ముందు పెడితే వేళాకోళం చేస్తారు.

"సోమవారం తెరవడానికి ఆవిడ ఒప్పుకుందా?"

"ఇసుక బస్తాలు పెట్టి బరువు పరీక్ష చేస్తున్నాం. రోజుకు కొంచెం కుంగడం మామూలే. ముప్పై రెండు దాటితేనే ప్రమాదం. ఆవిడ కొంచెం... ఎక్కువ ఆలోచించేది." అతను లేచాడు. "అక్క గారు పాపం ఒక్కరే కూర్చున్నారు. కాఫీ తెప్పిస్తాను."

అక్కను పక్కన ఖాళీగా ఉన్న మీటింగు గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. ఆవిడ బల్ల అంచును వేళ్ళతో తడుముతూ కూర్చుంది.

"ఇందాక ఒక మాట ఆపేశారు అక్కా. ఆ మాటలు ముందే ఏంటి?"

"విన్నానమ్మా. అది నాకు ఫోన్లో చదివి వినిపించింది. మొన్న సోమవారం సాయంత్రం." ఆవిడ నా గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. "రోజూ చదివేది. పడుకోబోయే పిల్లకి కథ చెప్పినట్టు. 'అక్కా, ఇవాళ నా బిడ్డ ఎంత కుంగిందో చెప్పనా' అనేది. నీ బిడ్డ పొడుగెదగాలి గానీ కుంగడమేమిటే అని తిట్టేదాన్ని. పెళ్ళి చేసుకోమంటే చేసుకోలేదు, వంతెనని పెంచుతోంది."

"సోమవారం చదివింది ఈ ఉత్తరమేనా?"

"ఇదే. కానీ అంకె ఇది కాదు. ఇరవై ఏడు దాటలేదు అప్పటికి. ఆయన చదువుతుంటే అక్కడే నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇంకోటి, ఇందులో చివరి ముక్క లేదు."

"ఏముంది చివర?"

ఆవిడ వేళ్ళు బల్ల మీద ఆగిపోయాయి. "'వచ్చే సోమవారం నుంచి నీ కంట్లో మందు వేసేది నేనే.' అలా ఉంటుంది. అది చావడానికి రాసింది కాదమ్మా. ఉద్యోగం మానేస్తానని రాసింది. డైరెక్టరు చదవడానికని ఆ రిపోర్టు చివరే పెట్టింది. మంగళవారం రోజంతా నాతో ఆసుపత్రిలోనే ఉంది. నా చెయ్యి వదల్లేదు. బుధవారం ఆఫీసుకి వెళ్ళి ఆ ఉత్తరం తీసేసింది. 'మానను అక్కా, నేను మానేస్తే వాళ్ళు వంతెన తెరిచేస్తారు' అంది."

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

"ఎవరడిగారు? ఆయన 'చాలమ్మా' అన్నారుగా."

నేను తలుపు తీశాను. డైరెక్టర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు, చేతిలో కప్పు.

"కాఫీ," అన్నాడు. "ఆవిడని నేను చూసుకుంటాను మేడమ్, మీరు మీ పని కానివ్వండి. ఎవరైనా పక్కన ఉంటే మంచిది కదా."

అక్క అతని గొంతు వైపు మర్యాదగా తల వంచింది. కప్పులో కాఫీ మీద మీగడ ముడతలు పడి తేలుతోంది. అది నేను చూశాను. చూసిన ప్రతిదీ అప్పుడే అర్థం కాదు. కంటికి అందినది మనసుకి అందేలోపు కొంత దూరం ఉంటుంది, ఆ దూరంలోనే మనుషులు చనిపోతుంటారు.

లెక్కలమ్మ గది మూడో అంతస్తులో, వంతెనకి రెండు అంతస్తుల కింద. కిటికీ లేదు. గోడకి ఒక కుర్చీ ఆనించి ఉంది. దాని మీద ఉతికి మడత పెట్టిన తువ్వాలు, కంటి చుక్కల మందు సీసా, ఇంకా సీలు తీయనిది. బల్ల మీద పెన్ను లేదు, కాగితం లేదు. కంప్యూటరుకి సెన్సర్ల అంకెలు తెచ్చే తీగ గోడ నుంచి పీకేసి నేల మీద పడి ఉంది.

ముద్ర గారు కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్నారు.

"తీగ ఎవరు పీకారు?"

"నేనే. గురువారం రాత్రి. సాక్ష్యం ఎలా దొరికిందో అలాగే ఉండాలి. బయటి నుంచి ఏదీ వచ్చి కలవకూడదు."

"మందు సీసా చూశారా?"

"చూశాను. కొనుక్కుంది. తర్వాత మనసు మార్చుకుంది. మనుషులు మందు కొనుక్కున్న రోజే చచ్చిపోవడం నేను చాలా చూశాను మేడమ్."

"ఆవిడ మనసు అంత బాగా మీకెలా తెలిసింది?"

ఆయన మీసం సవరించుకున్నారు. "మీరొక్కరే మనసులు చదువుతారా ఏంటి? ఆవిడ పరిస్థితి బాగాలేదని డైరెక్టరు గారు నన్ను మంగళవారమే పిలిపించారు. ఓ కన్నేసి ఉంచమన్నారు. నేను కన్నేసేలోపే ఆవిడ చేసేసింది. అదే నా బాధ."

నేను తెర ముందు కూర్చున్నాను. రిపోర్టు మొదటి పేజీ తెరిచాను. 'ఈ వంతెన ఇప్పటికి 29.4 మిల్లీమీటర్లు కుంగింది. వంతెన మీద ఇప్పుడు ఎవరూ లేరు.' ఇది గురువారం సాయంత్రం, పెట్టె ఆగిపోకముందు చివరిసారి కట్టిన లెక్క. చివరి పేజీకి వెళ్ళాను. అదే వాక్యం, కింద అక్కకి రాసిన మాటలు. అంకె మాత్రం 27.6.

"ఒకే రిపోర్టు, ఒకే సాయంత్రం. రెండు అంకెలేంటి?"

"చూసి రాయడంలో తప్పు పోయుంటుంది. చావబోయే మనిషి దశాంశాలు సరిచూసుకుంటుందా?"

"చూసి రాయడమే ఆవిడకి అలవాటు లేదు." డైరెక్టర్ చెప్పిన ఆ రెండో వైపు, రాసేవాళ్ళ వైపు తిప్పాను. మొదటి పేజీలో 29.4 ఉన్న చోట అంకె మాయమైంది. దాని స్థానంలో బ్రాకెట్ల మధ్య ఒక మాట ఉంది: కుంగుబాటు. కంప్యూటరు ఆ మాటను చూసి, లెక్కకట్టి, చదివే వైపు అంకెను నింపుతుంది. 'ఎవరూ లేరు' అన్నచోట కూడా అంతే, ఇంకో మాట ఉంది. పేజీ తర్వాత పేజీ తిప్పాను. మూడేళ్ళ పని అది. వాక్యాల్లో ఎక్కడా ఒక్క అంకె కూడా ఆమె చేత్తో కొట్టలేదు. తేదీలు కూడా లెక్కలోంచే వచ్చాయి. తన చేతిని తను నమ్మని మనిషి. ఆ అపనమ్మకంలో ఒక రకమైన వినయం ఉంది. నాకు అది లేదు.

చివరి పేజీ వచ్చింది. అక్కడ బ్రాకెట్లు లేవు, పేరు లేదు. వట్టి అంకె, రాయిలా పడి ఉంది. 27.6.

ముద్ర గారు ముందుకు వంగారు. వెంటనే మళ్ళీ వెనక్కి వాలారు. "ఇంకొక్కటి చూపించండి."

"తీగ గోడకి పెట్టనివ్వండి. మళ్ళీ లెక్క కట్టిద్దాం."

"కుదరదు. సాక్ష్యం మారిపోతుంది."

"మారాల్సినవే మారతాయి. మారనిది ఏదో చూద్దామనే."

"నన్నెవరనుకుంటున్నారు మీరు? ముప్పై ఏళ్ళు ఈ పని చేశాను. మీరు వచ్చి మనసు, మమకారం అంటే సాక్ష్యం మీద చెయ్యి వేయనిస్తానా?"

"గురువారం రాత్రే మీరు ఒక నకలు తీసి సీలు వేసి ఉంటారు. మీలాంటి మనిషి తీయకుండా ఉండరు."

ఆయన ఇరుకున పడ్డారు. నిజమే అని ఒప్పుకోవాలంటే నా మాట వినాలి. కాదనాలంటే తన పనిని తను తక్కువ చేసుకోవాలి. గర్వం ఉన్న మనిషిని అతని గర్వంతోనే నడిపించవచ్చు. అది నాకు గొప్పగా అనిపించే విషయం కాదు.

"నకలు ఉంది," అన్నారు. "పెట్టండి, పెట్టండి. ఏం తేలుతుందో చూస్తాను."

తీగ గోడకి పెట్టి రన్ నొక్కాను.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత పేజీ పైనుంచి కిందికి ఒక వణుకులాంటిది దిగింది. వాక్యాలు అలాగే నిలబడ్డాయి, వాటి మధ్యలో అంకెలు మాత్రం ఒక్కొక్కటిగా మారాయి. 29.4 ఉన్న చోట 30.2. వేడి మారింది, గాలి వేగం మారింది, తేదీ గురువారం నుంచి శనివారానికి దూకింది. ఆమె లేకుండా ఆమె వాక్యాలు ఇవాళ్టి సంగతి చెబుతున్నాయి.

చివరి పేజీలో 27.6 కదల్లేదు.

"మొత్తం రిపోర్టులో కదలని అంకె ఇదొక్కటే," అన్నాను. "ఇది ఆవిడ రాసింది కాదు. చదివే వైపు నుంచి కాపీ చేసి అతికించింది. చదివే వైపు బతికున్న అంకె, చచ్చిన అంకె ఒక్కలాగే కనిపిస్తాయి. కాపీ చేసినవాడికి తెలియదు, తనకి దొరికింది ఆ క్షణంలో ఉన్న అంకె మాత్రమేనని."

"తనే అతికించుకుని ఉండొచ్చు కదా?"

"వంతెన ఎప్పుడు ఆ అంకె మీద ఉందో చూద్దాం."

వారం రోజుల గీత తెర మీదికి తెచ్చాను. ఇసుక బస్తాలు పెరిగినకొద్దీ గీత దిగుతూనే ఉంది. ఒక్కసారి కూడా పైకి లేవలేదు. అందుకే ప్రతి అంకె మీదుగా వంతెన ఒకేసారి వెళ్ళింది. 27.6 దగ్గర వేలు పెట్టాను. మంగళవారం, మధ్యాహ్నం భోజనాల ముందు.

"మంగళవారం పొద్దుటి నుంచీ ఆవిడ ఆసుపత్రిలో అక్క చెయ్యి పట్టుకుని కూర్చుంది. కంప్యూటరు ఇక్కడుంది. అప్పటికి ఈ ఉత్తరం ఈ రిపోర్టు చివర ఉంది. ఉద్యోగం మానేస్తానని రాసింది, డైరెక్టరు చదవడానికి. ఇంకో వాక్యం కూడా ఉంది. సోమవారం నుంచి అక్క కంట్లో మందు తనే వేస్తానని." కుర్చీ మీద మందు సీసా వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నించాను. "బుధవారం ఆవిడ దాన్ని తీసేసింది. గురువారం సాయంత్రం అది మళ్ళీ వచ్చి కూర్చుంది, ఆ చివరి వాక్యం లేకుండా, మంగళవారపు అంకెతో."

ముద్ర గారి ముఖం నేను అంతకుముందు చూసిన ముఖం కాదు. నెమ్మదిగా చొక్కా జేబులో చెయ్యి పెట్టారు. నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచారు.

అదే పేరా, ప్రింటు తీసింది. నాలుగు వాక్యాలు. ఐదోది లేదు. 27.6.

"మంగళవారం నా చేతికిచ్చాడు," అన్నారు. గొంతులో పోలీసు లేడు. "భోజనాలయ్యాక. 'చూడండి సార్, ఏం రాసుకుందో, నాకు భయంగా ఉంది' అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. నేను..." ఆయన కాగితం మీద అరచెయ్యి ఆనించారు, ఎగిరిపోతుందేమో అన్నట్టు. "ఆవిడ చచ్చిపోవడానికి రెండు రోజుల ముందే నా చేత రిపోర్టు రాయించుకున్నాడన్నమాట."

ఆయన్ని ఓదార్చాల్సిన క్షణం అది. కానీ నా కళ్ళ ముందు ఇంకేదో కదులుతోంది. ముడతలు పడిన మీగడ. వేడి కాఫీ చల్లారి మీగడ కట్టేంతసేపు ఒక మనిషి మూసిన తలుపు ముందు నిలబడ్డాడు. ఐదో వాక్యం సంగతి అతను కాక ఈ లోకంలో తెలిసింది ఒక్క అక్కకే. ఆవిడ నాకు చెప్పింది. అతను విన్నాడు. ఆవిడ లేకపోతే నా దగ్గర మిగిలేది వట్టి మాటే, సాక్ష్యం కాదు.

"ముద్ర గారూ, అక్క ఎక్కడుంది?"

ఆయన చూపు నా భుజం మీదుగా తెర మీద ఆగిపోయింది. నేను తిరిగి చూశాను.

'వంతెన మీద ఇప్పుడు ఇద్దరు ఉన్నారు.'

మామూలు అక్షరాలు, మామూలు రంగు. దాన్ని రాసిన అమ్మాయి ఈ క్షణం కోసం రాయలేదు.

"తీగ పీకేశానని వాడికి తెలుసు," ముద్ర గారు గొణిగారు. "ఎవరూ చూడట్లేదనుకుంటున్నాడు."

"మీరు ఇక్కడే ఉండండి. నాకు ఫోన్ చేసి ఆపకుండా చదువుతూ ఉండండి."

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లెక్కుతుంటే చెవి దగ్గర ఆయన గొంతు, ఉత్తరం చదివిన అదే గొంతు, ఇప్పుడు వణుకుతోంది. "ఇద్దరు ఉన్నారు... ముప్పై పాయింట్ ఐదు... ఇద్దరు ఉన్నారు... ముప్పై పాయింట్ ఏడు మేడమ్, త్వరగా..."

ఐదో అంతస్తులో వంతెన మొదటి తలుపు తెరిచి ఉంది.

రెండు పక్కలా ఇసుక బస్తాల వరుస, మధ్యలో సన్నటి దారి. అక్క వంతెన నడిమధ్యలో ఒక్కతే నిలబడి ఉంది. నల్లకళ్ళద్దాలు ఆకాశం వైపు ఉన్నాయి. ఎడమ చెయ్యి గాలిలో ఎవరి చేతికోసమో తడుముతోంది. ఆ పక్కనే కంచె ఆమె నడుముకు కూడా రాదు. అవతలి చివర, గోడకి బిగించిన సెన్సర్ల ఇనుప పెట్టె దగ్గర, డైరెక్టర్ మాకు వీపు పెట్టి ఉన్నాడు.

"డైరెక్టరు గారూ," అక్క పిలిచింది. "చెల్లి పడింది ఇక్కడేనా? మీరెక్కడికెళ్ళారు?"

"వస్తున్నానమ్మా. అలాగే నిలబడండి. ఒక్క నిమిషం." ఆ గొంతులో ఎంత దయ ఉందో! వినేవాళ్ళకి ఏడుపొస్తుంది.

నేను వంతెన మీద అడుగు పెట్టాను. కాలి కింద ఏదో సన్నగా మూలిగింది. చెవిలో ముద్ర గారు ఊపిరి పీల్చుకున్న చప్పుడు.

"ముగ్గురు," అన్నారు. "ముగ్గురు ఉన్నారు. ముప్పై ఒకటి. ఆగండి మేడమ్, అక్కడే ఆగండి. ముప్పై ఒకటి పాయింట్ నాలుగు."

ఆగాను. ఇంకో అడుగు వేస్తే నా బరువే ఆమెకి శత్రువు. వేయకపోతే ఆమెకీ అతనికీ మధ్య ఎవరూ లేరు. నా దగ్గర మిగిలింది గొంతు మాత్రమే.

"అక్కా!"

ఆవిడ తల ఇటు తిరిగింది. "ఎవరు? నువ్వేనా అమ్మా?"

"నేనే. మీరు అడిగినదానికి జవాబు దొరికింది. మీ చెల్లెలు మిమ్మల్ని వదిలేసి వెళ్ళలేదు. సోమవారం మీ కంట్లో వేయాల్సిన మందు ఆవిడ గదిలోనే ఉంది, కొని పెట్టుకుంది. నా గొంతు వైపు నడిచి రండి. ఆ గొంతు వైపు వద్దు."

ఆవిడ గాలిలో ఉన్న చేతిని నెమ్మదిగా దించుకుంది. ఏడవకూడదని డాక్టర్ చెప్పిన కంటి కింద, అద్దాల అంచున, చెంప తడవడం అంత దూరం నుంచి కూడా నాకు కనిపించింది. ఇసుక బస్తాను వేళ్ళతో పట్టుకుని, నా వైపు మొదటి అడుగు వేసింది.

డైరెక్టర్ వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు, నా చెవి దగ్గరున్న ఫోన్ చూశాడు. ముఖంలో కోపం లేదు, భయం లేదు. కూడికలో ఒక అంకె వదిలేశానని గుర్తొచ్చిన మనిషి ముఖం అది. అతని చెయ్యి పెట్టె లోపలికి వెళ్ళింది.

టక్కున చిన్న చప్పుడు.

"మేడమ్," ముద్ర గారి గొంతు పలచబడిపోయింది. "అంకె పోయింది. 'వంతెన మీద ఇప్పుడు' అని ఉంది, ఆ తర్వాత ఖాళీ. ఇక్కడేమీ లేదు మేడమ్. మీరు ఎంతమంది ఉన్నారు? వినిపిస్తోందా? ఎంతమంది ఉన్నారు?"

అక్క రెండో అడుగు వేసింది. అవతలి చివర నుంచి, తొందరేమీ లేకుండా, ఇంకొకరి అడుగుల చప్పుడు మొదలైంది.